హార్న్ కొట్టండి, డచెస్ వస్తుంది

చక్రాలున్నవాటి మీద చట్టానికి ఉన్నంత శ్రద్ధ కాళ్ళున్నవాటి మీద లేదు. ఇది నాకు నా ఉద్యోగం నేర్పిన సంగతి.

మా పైక్ రన్‌లోకి రోడ్డు మొక్కజొన్న చేల మధ్య నుంచి వస్తుంది. అంతదాకా యాభై అయిదు మైళ్ళ వేగంతో వచ్చినవాళ్ళు ధాన్యం గోదాము బోర్డు దగ్గర ముప్పైకి దిగాలి. దిగరు. అందుకే ఆ బోర్డు వెనక బండి పెట్టుకుని నేనుంటాను. ఊరికంతటికీ ఒకే ఒక్క పోలీసుని. లోర్నా స్ట్రౌడ్ అంటే దారినపోయేవాళ్ళకి తెలియదు గానీ, గోదాము వెనకామె అంటే చుట్టుపక్కల జిల్లాల లారీవాళ్ళందరికీ తెలుసు.

రోజంతా ఒకేచోట కూర్చుంటే మనిషికి ఆలోచనలు ఎక్కువవుతాయి. నావన్నీ చట్టం గురించే. మా ఊరి నడిబొడ్డున నాలుగు రోడ్ల కూడలి ఉంది. నాలుగు వైపుల వాళ్ళూ ఆగాలి, ముందొచ్చినవాడు ముందు కదలాలి. అంతకన్నా తేలికైన నియమం ఇంకోటి ఉండదు. కానీ మావాళ్ళకి మర్యాద ఎక్కువ. ముందు మీరంటే ముందు మీరని చేతులు ఊపుకుంటారు. ఊపి ఊపి, ఇద్దరికీ విసుగొచ్చి, ఒకేసారి కదిలి గుద్దుకుంటారు. గుద్దుకున్నాక తప్పు నాదంటే నాదని వాదించుకుంటారు. ఎవరి పేరు రాసుకోవాలో తెలియక నేను తల పట్టుకుంటాను.

ఎండలో అద్దాలు బిగించిన కారులో ఎవరైనా కుక్కని వదిలేసి కొట్టులోకి వెళ్తే, ఆ అద్దం పగలగొట్టే అధికారం కూడా నాకుంది. రెండుసార్లు పగలగొట్టాను. ఆ రెండు రోజులూ ఈ ఉద్యోగం చేస్తున్నందుకు నాకు గర్వంగా అనిపించింది. మిగతా రోజుల సంగతి వేరు. ఎందుకంటే నేను కూర్చునే చోటికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, మా బాబాయి వెర్లిన్ పెట్రోల్ బంకు ఉంది. బంకు పక్కన కంకర జాగాలో రేకు కప్పు వేసిన ఇనప బోను. అందులో డచెస్ అనే నల్ల ఎలుగుబంటి.

నేను బడిలో చివరి ఏడాది చదువుతుండగా, ఊరూరా తిరిగే ఒక ఆటల కంపెనీ దివాలా తీస్తే, బాబాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అప్పుడది పిల్లి అంత ఉండేది. పాలసీసా నేనే పట్టేదాన్ని. పెద్దదయ్యాక బోనులోకి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. బోను ఎంత పొడవుండాలో ఎంత ఎత్తుండాలో చట్టంలో రాసి ఉంది. బాబాయి బోను సరిగ్గా అంతే ఉంటుంది, అంగుళం ఎక్కువ లేదు. ఏటా అనుమతులిచ్చే ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి టేపు పెట్టి కొలిచి, అంతా సవ్యమేనని రాసి, బంకులో పంది మాంసం శాండ్‌విచ్ తిని వెళ్తాడు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగి తిరిగి, డచెస్ కాళ్ళ కింద చెక్క నున్నగా గుంటలు పడింది. ఆ సంగతి కొలిచే టేపు ఆయన దగ్గర లేదు.

బోను మీద పసుపు రంగు బోర్డు ఉంది. "హార్న్ కొట్టండి, డచెస్ వస్తుంది." నిజంగానే వస్తుంది. రెండుసార్లు హార్న్ కొడితే ఏ మూల పడుకున్నా లేచి, రోడ్డు వైపు చువ్వల దగ్గరికి వచ్చి, ముంజెయ్యి బయటపెడుతుంది. బంకులో కొన్న తీపి బన్ను అందులో పెట్టాలి. అసలు ప్రమాదం తప్పించడానికి తప్ప ఊరికే హార్న్ కొట్టకూడదని చట్టం. మా ఊళ్ళో ఆ చట్టం నేను ఎవరిమీదా వాడలేదు. బాబాయి ఊరి పాలకమండలికి పెద్ద. నా జీతం మీద సంతకం ఆయనది. మా నాన్న ఇల్లు వదిలిపోయాక నన్ను పెంచిందీ ఆయనే. ఆ కూడలిలో నాకు కారు నడపడం నేర్పిందీ ఆయనే. ఇక నోరెలా లేస్తుంది? కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, ఏళ్ళ తరబడి.

పోయినేడు జూలైలో ఎండలు మండిపోయాయి. డచెస్ తిరగడం మానేసింది. నాలుక బయటపెట్టుకుని ఒక మూల పడి ఉండేది. హార్న్ కొడితే మాత్రం ఎలాగో లేచి వచ్చేది. పశువుల డాక్టరు చూసి, ఈ రేకు కింద ఈ ఎండాకాలం గడవడం కష్టమన్నాడు. ఆ సాయంత్రం బంకులోకి వెళ్ళాను.

"బాబాయ్, దాన్ని పంపించెయ్యి. నది అవతల ఆ జంతువుల ఆశ్రమం ఉంది కదా. చెట్లున్నాయి, కుంట ఉంది. వాళ్ళే బండి తెస్తామంటున్నారు."

"ఎవరే వాళ్ళు? దానికి బన్నంటే ఇష్టమని వాళ్ళకి తెలుసా? పొద్దున్నే నా గొంతు వినకపోతే నీళ్ళు ముట్టదది."

"నాలుక వేలాడేసుకుని పడుంటోంది."

"ఈ ఎండకి నేనూ అలాగే ఉంటున్నా. నన్ను కూడా పంపించేస్తావా?"

"నవ్వులాట కాదు బాబాయ్. డాక్టరు ఏమన్నాడో విన్నావుగా."

"విన్నాను. మీ పిన్ని విషయంలోనూ డాక్టర్లు చెప్పింది విన్నాను. నువ్వు మైళ్ళు లెక్కపెట్టుకో పిల్లా. ఎలుగుబంట్లు నీ శాఖ కాదు."

పిన్ని పోయాక ఆ ఇంట్లో ఆయన ఒక్కడే. తెల్లారి లేచి ఎవరితోనైనా మాట్లాడతాడంటే అది డచెస్‌తోనే. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే కోపం వచ్చినా పూర్తిగా రాలేదు.

రెండు రోజుల తరవాత ఊరికి కొత్తయిన ఒకామెని ఆపాను. తొమ్మిది మైళ్ళు ఎక్కువ వచ్చింది. చలానా రాసిస్తే తీసుకుని, గడ్డంతో బోను వైపు చూపించింది.

"దానికేం రాస్తారు?"

"దానికి అనుమతి ఉందండీ," అన్నాను.

"అనుమతి ఉందా," అందామె. ఇరవై తొమ్మిది మైళ్ళ వేగంతో ఊరు దాటి వెళ్ళింది.

ఇక్కడ మావాళ్ళ తెలివి గురించి కొంచెం చెప్పాలి. మా జిల్లాలో ఏ కట్టడం కట్టినా అనుమతి తీసుకోవాలి, పన్ను కట్టాలి. కింద చక్రాలుంటే అది కట్టడం కాదు. అందుకని మా దగ్గర ప్రతి షెడ్డుకీ చక్రాలుంటాయి. కోళ్ళ గూటికి చక్రాలు, టపాకాయల కొట్టుకి చక్రాలు, చర్చివాళ్ళు శుక్రవారం చేపలు వేయించే పాకకి చక్రాలు. వాటిలో ఒక్కటీ పెట్టినచోటి నుంచి కదిలి ఎరగదు. చాలా ఏళ్ళ కింద జిల్లా ఆఫీసు మనిషి వచ్చి, ఈ బోను రోడ్డు జాగాలో ఉంది, తీసెయ్యమన్నాడు. బాబాయి వారం తిరక్కుండా పాత ఎండుగడ్డి బండి ఇరుసు తెచ్చి బోను కింద బిగించాడు. "ఇది కట్టడం కాదండీ, వాహనం," అన్నాడు. ఆ మనిషి కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఊరంతా పగలబడి నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

ఆగస్టు మొదట్లో ఒక రైతుని ఆపి, ట్రైలర్‌కి వెనక దీపాలు లేవని చలానా రాస్తున్నాను. రాస్తూ రాస్తూ తలెత్తాను. ఎదురుగా బోను, బోను కింద చక్రాలు. వాహనమా? అయితే నంబరు ప్లేటేది? వెనక దీపాలేవి? రోడ్డు జాగాలో ఇన్నేళ్ళుగా నిలిపి ఉంచడానికి ఎవరు ఒప్పుకున్నారు?

"ఒంట్లో బాగాలేదామ్మా?" అన్నాడు రైతు.

"ఇప్పుడే బాగుపడింది," అని అతని చలానా చింపేశాను.

నారింజ రంగు నోటీసు కాగితం ఒకటి తీసుకెళ్ళి బోనుకి అంటించాను. బాబాయి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఏంటే ఇది?"

"నోటీసు. మూడు రోజుల్లో వాహనం తియ్యాలి. తియ్యకపోతే ఊరు జప్తు చేస్తుంది."

"వాహనమేంటి, బోను కదా."

"బోనైతే కట్టడం. జిల్లా ఆఫీసుకి ఫోను చేస్తాను, వాళ్ళొచ్చి పడగొడతారు. వాహనమైతే నా కిందికొస్తుంది. ఏదో ఒకటి నువ్వే తేల్చు బాబాయ్."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన నవ్వు మెల్లగా ఆగిపోయింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం ఎక్కడ నేర్చావే?" అన్నాడు. నేను బండెక్కాను. ఇరుసు పీకితే కట్టడం, ఉంచితే వాహనం. తన తెలివికి తానే దొరికిపోయాడు. అయినా నేను అంత పని చేస్తానని ఆయన నమ్మలేదు. గడువు దాటినా బోను అక్కడే ఉంది.

బళ్ళు లాగే డెల్బర్ట్‌ని పిలిచాను.

"లోపలున్నదానితో సహానా?" అన్నాడు.

"బండిలో ఏముంటే దానితో సహా."

"నా బీమాలో ఎలుగుబంటి లేదు లోర్నా."

"మెల్లగా లాగు, బీమాతో పని పడదు."

బోను కదిలింది. ఇన్నేళ్ళు చక్రాల మీద ఉండి అదే మొదటిసారి కదలడం. డచెస్ లేచి నిలబడి, రెండు చేతులతో చువ్వలు పట్టుకుని, గాలికి ముక్కు ఎత్తింది. కూడలిలో నాలుగు వైపులా బళ్ళు ఆగి ఉన్నాయి. ముందు మీరు వెళ్ళండని అందరూ చేతులు ఊపారు. డెల్బర్ట్ కూడా, అలవాటు చొప్పున, లేదు మీరే వెళ్ళండని ఊపాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెనక బంకు ముందు బాబాయి ఒక్కడే నిలబడి ఉన్నాడు, ఆయన ఊపలేదు.

జప్తు చేసిన బళ్ళు ఊరి గ్యారేజీ వెనక కంచె వేసిన తారు జాగాలో పెడతాం. మర్నాడే ఆశ్రమం వాళ్ళొచ్చి డచెస్‌ని తీసుకెళ్తారనుకున్నాను. అక్కడి పెద్దావిడ గ్రెటాకి ఫోను చేశాను.

"యజమాని సంతకం కావాలి," అందామె.

"జప్తు చేశాం కదండీ."

"బండి జప్తు చేశారు. బండిలో సామాను యజమానిదే కదా. అదే మీ చట్టం. నేను తీసుకెళ్తే దొంగతనం అవుతుంది."

చట్టం తీసి చదివాను. ఆమె చెప్పింది నిజమే. జప్తు బండిలో దొరికిన గొడుగు, టైరు, ఎలుగుబంటి, ఏదైనా సరే, సొంతదారు ఒప్పుకోనిదే ఎవరూ తీయకూడదు. పెనం మీంచి తీసి పొయ్యిలో పడేశాను దాన్ని. ఇంతకుముందు బోను ఒక్కటే, ఇప్పుడు బోను చుట్టూ కంచె, కింద కాలే తారు. పైన తార్పాలిన్ కట్టాను, గొట్టంతో నీళ్ళు కొట్టాను. నా చేతి బన్ను అది ముట్టలేదు. బాబాయి అన్నది నిజమే, ఆయన గొంతు వింటే తప్ప నీళ్ళు కూడా తాగలేదు.

సంతకం పెట్టమని వెళ్తే ఆయన తలుపు సగమే తీశాడు. "నీ చట్టం ఉంది కదే నీకు. దాన్నే పెట్టమను," అని తలుపు వేసేశాడు.

ఊరు నాతో మాట్లాడటం మానేసింది. కూడలిలో చేతులు మాత్రం ఊపేవాళ్ళు. మావాళ్ళు దెయ్యం ఎదురొచ్చినా ముందు మీరు వెళ్ళండి అంటారు. సెప్టెంబరు సమావేశంలో నా ఉద్యోగం సంగతి తేలుస్తారని కబురొచ్చింది. పోతే పోనీ అనుకున్నాను గానీ, నా ఉద్యోగం పోయేలోపు డచెస్ ప్రాణం పోతుందేమోనని భయం పట్టుకుంది.

బాబాయి రోజూ తన పాత ట్రక్కులో వచ్చి దానికి బన్నులు పెట్టి, ఒక బకెట్టు బోర్లించుకుని కూర్చునేవాడు. వసంతంలో ఆయన కళ్ళ పరీక్ష తప్పాడు. లైసెన్సు రద్దయింది. నాకు తెలుసు. తెలిసీ చూడనట్టున్నాను. ఒకరోజు అలా వస్తూ కూడలిలో ఆగకుండా దూసుకొచ్చి, టపా పంచే ఆవిడ కారు సైడు అద్దం ఎగరగొట్టాడు. ముందు మీరని ఊపిన చెయ్యి ఆవిడ అప్పుడే లోపలికి తీసుకుంది కాబట్టి సరిపోయింది. కూడలిలో ఉన్నవాళ్ళంతా ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశారు. ఎలుగుబంటి బోనుకి నంబరు ప్లేటు అడిగినదాన్ని, ఇక బాబాయిని వదిలేస్తే నాకు మొహం ఎక్కడుంటుంది?

ట్రక్కు దగ్గరికెళ్ళి చెయ్యి చాచాను. "తాళాలివ్వు బాబాయ్."

"దాన్ని పట్టుకుపోయావు. ఇప్పుడు నన్నా?"

"నీకు కళ్ళు కనపడట్లేదు."

"ఈ రోడ్డు కళ్ళు మూసుకున్నా తెలుసు నాకు."

"ఇవాళ మూసుకునే నడిపావు."

తాళాలు నా చేతిలో పెట్టలేదు. నేలమీద పడేశాడు. వంగి తీసుకున్నాను.

మా దగ్గర కారు లేకపోవడం అంటే ఏమిటో మిగతా చోట్ల వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. బాబాయి ఇల్లు వాగు రోడ్డులో ఉంది. గుమ్మంలో నిలబడితే చుట్టూ మొక్కజొన్న తప్ప ఇంకో కప్పు కనబడదు. బస్సు లేదు, కాలిబాట లేదు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ బళ్ళకి పెట్రోలు పోసినవాడు, తన బంకుకి తాను వెళ్ళలేడు. నేను అంతకుముందు కూడా ముసలివాళ్ళ దగ్గర తాళాలు తీసుకున్నాను. ఇంటి ముందు వసారాలో అటూ ఇటూ తిరగడం, ఏ బండి చప్పుడైనా వస్తే రోడ్డు వైపు చూడటం, అన్నీ చూశాను. తప్పనిసరైన పని అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఈసారి చెప్పుకున్నా నమ్మకం కలగలేదు.

రోజూ మధ్యాహ్నం నేనే వచ్చి డచెస్ దగ్గరికి తీసుకెళ్తానని మాటిచ్చాను. పోలీసు బండిలో ముందు సీటు నిండా వేగం కొలిచే యంత్రం, కంప్యూటరు, కాగితాలు. అందుకని వెనక ఎక్కించుకున్నాను. ముందుకీ వెనక్కీ మధ్య ఇనప వల. ఆయన బన్నుల సంచి ఒళ్ళో పెట్టుకుని, నాతో ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చేవాడు, వెళ్ళేవాడు.

ఒకరోజు అలా వెళ్తుంటే కూడలిలో ఎండుగడ్డి బండి ఒరిగిపోయి, మోపులన్నీ నాలుగు రోడ్లకీ అడ్డంగా దొర్లాయి. బండి పక్కకి ఆపి, తాళం తీసుకుని దూకాను. వెనక మనిషి ఉన్నప్పుడు తాళం బండిలో వదలకూడదని మాకు నియమం. చెయ్యి దానంతట అదే ఇంజను ఆపి తాళం బయటికి లాగింది. మోపులు జరిపించాను, లారీలు మళ్ళించాను, చెమటలు కక్కాను. పొరుగూరి లారీవాళ్ళు ఒకటే హార్న్‌లు. మావాళ్ళేమో ఆ గందరగోళంలో కూడా ముందు మీరంటే ముందు మీరని చేతులు. దారి తెరుచుకున్నాక ఎవరో చల్లటి నీళ్ళ సీసా ఇచ్చారు. రెండు గుక్కలు తాగాను. సీసా దించేసరికి, ఎదురుగా ఎండలో నా బండి మెరుస్తోంది.

వెనక తలుపులకి లోపల పిడి ఉండదు. అద్దాలు దిగవు. పట్టుకున్నవాళ్ళు పారిపోకూడదు కదా.

పరిగెత్తాను. తలుపు తెరిస్తే పొయ్యి మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. నేను అద్దాలు పగలగొట్టిన ఆ రెండు కార్లలో కూడా అంత వేడి లేదు. బాబాయి నిటారుగా కూర్చుని ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉంది, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వల మీద ఆయన చేతి తడి ఇంకా ఆరలేదు.

"పిడి కోసం వెతికాను. లేదే," అన్నాడు.

"బాబాయ్, నేను... మోపులు పడి..."

"అద్దం మీద కొట్టాను. ఎవరో చూసి చెయ్యి ఊపారు. నేనూ ఊపాను." ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది. "హార్న్ మోగినప్పుడల్లా నువ్వే వచ్చావనుకుని తలుపు దగ్గరికి జరిగాను."

నీళ్ళ సీసా నోటికి అందించాను. సగం తాగి సగం తలమీద పోసుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. తల అడ్డంగా ఊపాడు. నేను నడిరోడ్డు మీద, యూనిఫారంలో, ఊరంతా చూస్తుండగా ఏడ్చాను.

ఏడుపు అయ్యేదాకా ఆగి, "దానికి నీళ్ళు పెట్టావా ఇవాళ?" అన్నాడు.

"పెట్టాను."

"చల్లటివేనా?"

జప్తు జాగాలో బకెట్టు మీద కూర్చుని ఆ రోజు చాలాసేపు ఉన్నాడు. డచెస్ చువ్వల్లోంచి చెయ్యి చాచింది. బన్ను పెట్టి, ఆ చేతిని కాసేపు అలాగే పట్టుకున్నాడు. తరవాత నా వైపు తిరగకుండానే అన్నాడు.

"వాళ్ళ దగ్గర బన్నులుంటాయో ఉండవో. చెప్పు వాళ్ళకి. ఆ కాగితం ఎక్కడ?"

గీత ఎక్కడుందో ఆయనకి కనపడలేదు. వేలు పట్టుకుని అక్కడ ఆనించాను. సంతకం పెట్టాడు.

ఆశ్రమంలో బోను తలుపు తెరిచి పెట్టారు. ఎదురుగా గడ్డి, అవతల చెట్లు, కుంట. డచెస్ రాలేదు. ఆపిల్ పళ్ళు పెట్టారు, చేపలు పెట్టారు, తేనె పూశారు. తెరిచిన తలుపు వైపు చూస్తూ మూల కూర్చుంది గానీ రాలేదు. గ్రెటా మనుషులు కంచె ఇవతల గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. బాబాయి నా బండిలో వెనక కూర్చుని ఉన్నాడు. ఆ తలుపు నేను బార్లా తీసి ఉంచాను.

"అలా రాదది. హార్న్ కొట్టు," అన్నాడు.

"ఇక్కడ హార్న్ కొట్టకూడదండీ," అంది గ్రెటా.

"ఇంకెప్పుడూ కొట్టం," అని నేను రెండుసార్లు కొట్టాను.

డచెస్ లేచింది. తలుపు దాటింది, గడ్డి మీద కాళ్ళు పెట్టింది, తిన్నగా కంచె దగ్గరికి మా వైపు వచ్చి చెయ్యి బయటపెట్టింది. బాబాయి జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. గ్రెటా తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు పెడితే ఇక్కడే నిలబడిపోతుందంది. ఆయన జేబులో చెయ్యి అలాగే ఉంచుకున్నాడు. డచెస్ చాలాసేపు ఎదురుచూసింది. ఆఖరికి చెయ్యి దించి, గడ్డి వాసన చూసి, చెట్ల వైపు వెళ్ళిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆ బన్ను బాబాయీ నేనూ చెరి సగం తిన్నాం.

సెప్టెంబరు సమావేశంలో నా ఉద్యోగం తీసెయ్యాలా వద్దా అని చేతులెత్తమన్నారు. బాబాయి ఎటూ ఎత్తలేదట. ముందు మీరంటే మీరని మిగతావాళ్ళూ ఎత్తలేదు. ఉద్యోగం ఉంది. ఇప్పటికీ గోదాము బోర్డు వెనకే ఉంటాను. ఎదురుగా ఖాళీ కంకర. పసుపు బోర్డు ఇంకా ఎవరూ తీయలేదు. కొత్తవాళ్ళు ఎవరైనా హార్న్ కొట్టి, చూసి, ఏమీ రాకపోతే వెళ్ళిపోతారు.

బాబాయికి నేనే కారు. ముందు సీటులోని సరంజామా అంతా వెనక్కి మార్చేశాను. వారానికి రెండుసార్లు కొట్టుకీ, బంకుకీ తీసుకెళ్తాను. కుదరని రోజు తిండి పొట్లం తెచ్చి, గేటు ముందు బండి ఆపి, రెండుసార్లు హార్న్ కొట్టి, కిటికీలోంచి అందించి వెళ్ళిపోతాను. పనిలో ఉన్నదాన్ని కదా, దిగే తీరిక ఎక్కడిది?

అక్టోబరులో ఒకరోజు అలాగే హార్న్ కొట్టాను. అదే సమయానికి రేడియోలో ఎవరో పిలిస్తే పొట్లం పక్క సీటులోనే పెట్టి మాట్లాడుతున్నాను. మాట్లాడుతూ చూశాను. వసారాలో అటూ ఇటూ తిరుగుతున్న బాబాయి హార్న్ వినగానే తిరగడం ఆపాడు. మెట్లు దిగి, ఈ మధ్య ఎప్పుడూ లేనంత తొందరగా నడిచి, గేటు దగ్గరికి వచ్చాడు. గేటు తీయలేదు. దాని మీంచి చెయ్యి బయటపెట్టి, అరచెయ్యి పైకి తెరిచి, నిలబడ్డాడు.

రేడియోలో అవతలి మనిషి ఏం చెప్పాడో నాకు ఒక్క ముక్క వినపడలేదు.

బండి ఆపేసి దిగాను. గేటు తీసుకుని లోపలికెళ్ళి, ఆ చేతిలో పొట్లం పెట్టలేదు, ఆ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి నడిపించాను. ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. రోడ్డు మీద ఆ రోజు ఎవరు ఎంత వేగంతో వెళ్ళారో నాకు తెలియదు.

అప్పటినుంచి ఎంత పని ఉన్నా గేటు బయటే బండి ఆపి, దిగి, మెట్లెక్కి, తలుపు తడుతున్నాను. మొదటిసారి తట్టినప్పుడు ఆయన ఆశ్చర్యంగా చూశాడు.

"అంత దూరం నడిచి రావడమెందుకే? హార్న్ కొట్టొచ్చుగా."

"ప్రమాదం తప్పించడానికి తప్ప కొట్టకూడదు బాబాయ్," అన్నాను. "చట్టం ఒప్పుకోదు."